వడ్డాది పాపయ్య ఎక్కడివారు? బొమ్మల మీద ఇష్టం ఎలా మొదలైంది?

చందమామ ముఖచిత్రాల మీద ‘వపా’ అని సంతకం చూసుంటారు కదా, ఆయనే. మా శ్రీకాకుళంలో 1921లో పుట్టారు. నాన్న రామమూర్తి గారు డ్రాయింగ్ మాస్టారు కాబట్టి తొలి పాఠాలు ఇంట్లోనే. గోడ మీద రవివర్మ కోదండరాముడి పటం ఉండేదట. ఐదేళ్లప్పుడు దాన్ని చూస్తూ ఆంజనేయుణ్ని గీశారని చెప్పుకుంటారు. ఆ వయసులో మనం పలకే సరిగ్గా పట్టుకోలేం!

తర్వాత ఉద్యోగం మద్రాసుకు తీసుకెళ్లింది. ఊరు మారినా ఆ బొమ్మల్లో జడలు, పూలు, చీరకట్టు మాత్రం అచ్చం మన ఇళ్లలోవే. ఆ పొగమంచు లాంటి ఊదా రంగు చూస్తే సంతకం చూడక్కర్లేదు. చివరి రోజుల్లో కశింకోట చేరి, 1992లో కన్నుమూశారు.