ఆ తొమ్మిది పాటలు ఎలా వినాలంటే

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

అమెరికన్ గాయకుడు, గిటారిస్టు షుగీ ఓటిస్ ఆల్బమ్ చెవికెక్కడం లేదని రాశావు. వింతేమీ లేదమ్మా. 1974లో ఎపిక్ రికార్డు కంపెనీ తొమ్మిది పాటల ఈ 'ఇన్‌స్పిరేషన్ ఇన్ఫర్మేషన్' తెచ్చినప్పుడు అమెరికాలోనే పట్టించుకున్నవాళ్లు తక్కువ. తర్వాత కంపెనీ అతన్ని వదిలేసింది కూడా.

ముందు ఫోన్ స్పీకర్ మానెయ్. అందులో బేస్, అంటే అడుగున మోగే లోతైన స్వరం, వినపడదు, బేస్ పోతే ఈ రికార్డులో సగం పోయినట్టే. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటిసారి బేస్ గిటార్ వెంటే వెళ్లు, మాటల సంగతి తర్వాత. వయొలిన్ లాంటి తంత్రీ వాద్యాలు, బాకాలు వేరేవాళ్లు వాయించారు గానీ గిటార్, బేస్, డ్రమ్స్, ఆర్గాన్ చాలావరకు అతనివే. అప్పటికి ఇరవై ఏళ్లవాడు! తండ్రి జానీ ఓటిస్ పేరున్న బ్యాండ్ లీడర్ కాబట్టి చిన్నప్పటి నుంచీ సంగీతంలోనే పెరిగాడు.

'ఆట్ అహ్ మి హెడ్' దగ్గర మాత్రం ఆగు. అడుగున టిక్కుటిక్కుమనేది డ్రమ్మర్ కాదు, రిథమ్ మెషీన్, అంటే తనంతట తాళం వేసే యంత్రం. అమెరికన్ గాయకుడు స్లై స్టోన్ 1971లోనే అలాంటిది వాడాడు, కానీ ఇక్కడి పని వేరు. యంత్రం తొణకకుండా లెక్క తప్పకుండా నడుస్తుంటే, దాని మీద గిటార్, తంత్రులు తమ ఇష్టం వచ్చినంత ఆలస్యంగా వచ్చి వాలతాయి. ఆ ఎడం వినపడిన రోజు నీకు ఈ ఆల్బమ్ వచ్చేసినట్టే. నాకు మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

'రెయినీ డే' నుంచి చివరిదాకా మాటే ఉండదు. మనం పల్లవి తిరిగొస్తుందని ఎదురుచూడడానికి అలవాటుపడ్డవాళ్లం, అక్కడే నీకు విసుగొచ్చి ఉంటుంది. ఎదురుచూడకు. 'ప్లింగ్'లో ఒక్కో స్వరం ఎంతసేపు నిలిచి కరుగుతుందో గమనించు, చాలు.

ఇంకొకటి. గాయకుడు డేవిడ్ బర్న్ రికార్డు సంస్థ లువాకా బాప్ 2001లో మళ్లీ వేసిన సీడీలో చివర నాలుగు పాటలు కలిపారు. అవి 1971 నాటి 'ఫ్రీడమ్ ఫ్లైట్' ఆల్బమ్‌వి. బ్రదర్స్ జాన్సన్ అనే అన్నదమ్ముల జంట 1977లో పాడి పేరు తెచ్చిన 'స్ట్రాబెర్రీ లెటర్ 23' వాటిలోదే. అద్భుతమైన పాట, కాదనను. కానీ దాని తీపి వెంటనే తగిలితే అప్పటిదాకా విన్నవి చప్పబడతాయి. తొమ్మిదో పాట 'నాట్ అవైలబుల్' అవగానే ఆపేసి, ఆ నాలుగూ ఇంకో రోజు విడిగా విను.

మీ మావయ్య