రెండుసార్లు చాలంటున్నావు, సరే

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ గుంటూరులో అందరం క్షేమం. నువ్వు వాట్సాప్‌లో పంపిన అర్జీని మీ పెద్దమ్మ ప్రింటు తీయించి తెస్తే చదివాను. కార్పొరేటరైనా మేయరైనా రెండుసార్లకు మించి ఉండకూడదని విజయవాడలో మీ సింగ్‌నగర్ వాళ్లు సంతకాలు సేకరిస్తున్నారన్నమాట. చేయండి. మున్సిపల్ ఆఫీసులో ఫైళ్ల మధ్య తల నెరిసినవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను. కొంచెం చేదుగా ఉంటుంది, కోపం తెచ్చుకోకు.

ముందు చిరునామా మార్చు. నువ్వు కమిషనర్ గారికి రాశావు. సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే రసీదు చేతికొస్తుంది, పని ముందుకు పోదు. ఆయన చేతిలో లేని పని అది. కార్పొరేషన్‌కు ఎవరు పోటీ చేయకూడదో చట్టం చేసే అధికారాన్ని రాజ్యాంగంలోని 243వి అధికరణం రాష్ట్ర శాసనసభకిచ్చింది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు నిలబడకూడదన్న రూలు ఉండేది చూడు, దాన్ని 2024 నవంబరులో తీసేసింది అసెంబ్లీయే. అలాంటి రూలు మీదే హర్యానా వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళితే, 2003లో అది చెల్లుతుందని తీర్పొచ్చింది. ‘పోటీ చేయడం నా హక్కు, ఎవరాపుతారు?’ అని ఏ ప్లీడరైనా లేస్తే ఆ తీర్పు ముందు పెట్టు. అర్జీ పురపాలక శాఖ మంత్రికి రాయి, నకలు మీ ఎమ్మెల్యేకి ఇవ్వు.

ఎమ్మెల్యేలు దీనికి అడ్డుపడతారని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. డివిజన్‌లో పదేళ్లు పాతుకుపోయిన కార్పొరేటరే రేపు టికెట్‌కి పోటీ వస్తాడు. వాణ్ణి చట్టమే పక్కకు తప్పిస్తానంటే ఎవరికి చేదు? ఎవరైనా మరీ ఉత్సాహంగా సంతకం పెడితే, ఎమ్మెల్యేలకు కూడా ఇదే పరిమితి ఉండాలా అని అక్కడికక్కడే అడుగు. ముఖం చూస్తే చాలు.

ఇక అసలు సంగతి. మీ అర్జీలో ‘ఏళ్ల తరబడి ఒకే వ్యక్తి’ అని రాశారు. అమ్మాయ్, మన ఊళ్లలో ఒకే వ్యక్తి ఏళ్ల తరబడి ఉండేది తక్కువే. ఒకసారి జనరల్, ఇంకోసారి బీసీ మహిళ, మరోసారి ఎస్సీ అని రిజర్వేషన్ మారుతుంటే ఉన్నవాడు ఎటూ దిగిపోవాల్సిందే. మేయరు పదవీ అంతే. నేను రొటేషన్‌ని తప్పుపట్టడం లేదు, అది లేకపోతే సగం మందికి ఆ మెట్లు ఎక్కే యోగమే ఉండేది కాదు. కానీ అక్కడ మారేది మనిషి, ఇల్లు మారదు. ఆయన పోయి ఆవిడ వస్తుంది, సంతకం ఆవిడది, ఫోనెత్తేది ఆయన. కాంట్రాక్టరు వెళ్లేదీ ఆ గుమ్మానికే. ఫిలిప్పీన్స్‌లో 1987 రాజ్యాంగం మేయర్లకు వరుసగా మూడు విడతలే అని గీత గీసింది. గీత దాటకుండానే భార్యలూ కొడుకులూ కుర్చీలు పంచుకున్నారు.

కుటుంబ సభ్యుల్ని కూడా నిషేధించాలని మీలో ఒకరు చేర్చారు. ఆ పేరా తీసేయండి. భర్త చేశాడని భార్యను ఆపడం కోర్టులో నిలబడుతుందని నేననుకోను. అదీగాక, నిజంగా పనిచేసే ఆడవాళ్లకే ముందు దెబ్బ తగులుతుంది. దాని బదులు కౌన్సిల్ సమావేశంలో ఎవరు హాజరయ్యారు, ఎవరు ఏం అడిగారు అన్నది డివిజన్ వారీగా బయట పెట్టమని అడగండి.

జీవితకాల నిషేధం కూడా అడగొద్దు. కొత్తగా గెలిచినవాళ్లకు ఎజెండా చదవడమే ఏడాది పడుతుంది. ఎస్టిమేట్ ఎక్కడ పెంచారో, పాత బిల్లు ఏ పద్దులో దూరిందో పట్టుకునేది రెండోసారి వచ్చినవాళ్లే. మా ఆఫీసులో ఇంజినీర్లు జంకేది వాళ్ల దగ్గరే. అందరూ కొత్తవాళ్లయితే ప్రతి ఐదేళ్లకీ రెడ్డొచ్చె మొదలాడె. అందుకని ‘వరుసగా రెండు విడతలు, తర్వాత ఒక విడత విరామం’ అని రాయి.

‘విడత’ అంటే ఏమిటో కూడా రాయాలి. 2025లో మా గుంటూరులో మేయరు రాజీనామా చేస్తే మధ్యలో కొత్తాయన వచ్చారు. ఆ మిగిలిన కాలం ఆయనకు ఒక విడతా, కాదా? అమెరికా వాళ్లు అధ్యక్షుడి విషయంలో ఈ లెక్క రాజ్యాంగంలోనే తేల్చారు: మరొకరి గడువులో రెండేళ్లకు మించి చేస్తే, ఆ తర్వాత ఒక్కసారే ఎన్నిక. మీరూ సగానికి మించితే ఒక విడత అనండి. లెక్క వచ్చే ఎన్నికల నుంచే మొదలన్నా రాయండి, లేకపోతే ఇప్పుడున్న సీనియర్లంతా ఒక్కటవుతారు.

న్యూయార్క్ నగరంలో 1993లో జనమే ఓటేసి రెండు విడతల పరిమితి తెచ్చుకున్నారు. 2008లో మేయరు బ్లూమ్‌బర్గ్‌కి మూడోసారి కావాల్సి వచ్చింది. సిటీ కౌన్సిల్ 29-22 ఓట్లతో దాన్ని మూడుకి పెంచేసింది, సభ్యులకూ అదే లాభం కదా. ఆయన గెలిచాక 2010లో జనం మళ్లీ రెండుకి దించారు. మన దగ్గర అలాంటి ప్రజా ఓటింగ్ లేదు, సవరించేది అసెంబ్లీయే. కాబట్టి ఏ సడలింపు చేసినా అది ఆ తర్వాతి పాలకవర్గం నుంచే వర్తించాలన్న వాక్యం మరిచిపోకు.

అన్నిటికన్నా నన్ను బాధించేది మీ అర్జీలో లేనే లేదు. గుంటూరులో 2010లో కౌన్సిల్ గడువు తీరితే మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో. పదేళ్లు దాటి ప్రత్యేకాధికారుల పాలన! మీ విజయవాడలోనూ 2010 నుంచి 2014 దాకా ఒకసారి, 2019 తర్వాత మరోసారి అంతే. ఐదేళ్లకు మించి కౌన్సిల్ ఉండకూడదనీ, గడువు తీరేలోపే ఎన్నిక పూర్తి చేయాలనీ రాజ్యాంగంలోని 243యు అధికరణం చెబుతోంది. మొదటి సగం చక్కగా పాటిస్తారు, రెండోది అటకెక్కుతుంది. ఆ ఖాళీలో సంతకాలు పెట్టే అధికారికి ఏ విడతల లెక్కా లేదు, వీధి కుళాయిలో నీళ్లు రాకపోతే నిలదీయడానికి మీ పేటలో మనిషీ ఉండడు. రెండు విడతల పరిమితితో పాటు సకాలంలో ఎన్నికలు అన్నది ఒకే అర్జీలో, ఒకే సంతకం కింద ఉండాలి. ఒక్కటే ఇస్తామంటే రెండోదే తీసుకో.

సంతకాలకు ముందు ఒక పని చేయండి. విజయవాడలో 2005, 2014, 2021 ఎన్నికల్లో గెలిచినవాళ్ల జాబితాలు పక్కపక్కన పెట్టండి. డివిజన్ నంబర్లు నమ్ముకోవద్దు, అప్పుడు 59 ఉండేవి, 2021కి 64 అయ్యాయి. పేర్లు, ఇంటిపేర్లు, పేటలు చూసుకోండి. వరుసగా గెలిచినవాళ్లెందరో ఒక గడిలో, ఒకే ఇంటి నుంచి వచ్చినవాళ్లెందరో ఇంకో గడిలో. మొదటి గడి పలచగా ఉంటే దాచకు, అదీ అర్జీకి జతచెయ్యి.

సంతకం పక్కన డోర్ నంబరు రాయించండి. దిద్దిన ముసాయిదా ఈసారి పెద్ద అక్షరాల్లో పంపు, మీ పెద్దమ్మ కళ్లజోడు నాకు సరిపోవడం లేదు.

ఇట్లు
మీ పెదనాన్న
బ్రాడీపేట, గుంటూరు