ప్యాకెట్ వెనక 631, 471 అని ఉంటే శాకాహారులు తినొచ్చా?

పాప తినే చిప్స్ ప్యాకెట్ మీద 631 కనబడిందనీ, అది పంది కొవ్వని వాట్సాప్‌లో వచ్చిందనీ, మానిపించాలా అనీ అడిగారు. పచ్చ చుక్క ఉంటే అక్కర్లేదండీ.

631 అసలు కొవ్వే కాదు. డైసోడియం ఇనోసినేట్ అనే రుచి పెంచే పొడి. చేపల నుంచో మాంసం నుంచో తీయొచ్చు, కర్రపెండలం పిండి లాంటివి పులియబెట్టీ చేయొచ్చు. బ్రెడ్డు, ఐస్‌క్రీముల్లో నూనె, నీళ్లు విడిపోకుండా వేసే 471కీ ఇలాగే రెండు దారులు. పామాయిల్‌తోనూ చేస్తారు, జంతువుల కొవ్వుతోనూ చేస్తారు. ఏది దేన్నుంచి వచ్చిందో నంబరు చెప్పదు, చుక్కే చెప్పాలి. జంతువుల నుంచి వచ్చింది ఎంత కొంచెం కలిసినా మాంసాహారం గుర్తు వేయాల్సిందేనని 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు కూడా గట్టిగా చెప్పింది. ఆ గుర్తు ఇప్పుడు గోధుమరంగు త్రికోణం.

మా ఇంట్లో గొడవ వచ్చింది చుక్కే లేని ప్యాకెట్‌తో. మాది నల్లకుంట. పోయిన సంవత్సరం మా ఆడపడుచు అమెరికా నుంచి వస్తూ సూట్‌కేసులో సగం చాక్లెట్లే తెచ్చింది. మా వాడు అందులోంచి తెల్లటి మార్ష్‌మెల్లో ఒకటి తీసి నానమ్మ నోట్లో పెట్టాడు. మా అత్తగారు వెల్లుల్లి కూడా ముట్టరు. "దూదిలా ఉందే, దేంతో చేస్తారే ఇది?" అని మురిసిపోతూ రెండోది తీసుకున్నారు. నేను కళ్లజోడు పెట్టుకుని ప్యాకెట్ వెనక చదివాను. పంచదార, కార్న్ సిరప్, జెలటిన్. పశువుల, పందుల చర్మం, ఎముకలు ఉడికించి తీసేదే జెలటిన్. దాచలేక చెప్పేశాను. రెండోది ప్లేటులో పెట్టేసి, మాట్లాడకుండా వెళ్లి తలస్నానం చేసొచ్చారు. ఆ పూట భోజనం లేదు.

అందుకని ఫారిన్ ప్యాకెట్ ఏదైనా ఇప్పుడు వెనకవైపు చదివాకే విప్పుతాం. జెలటిన్‌తో పాటు ఎర్రరంగు వాటిలో కార్మైన్, అంటే 120, ఉందేమో చూడండి. అది కోచినీల్ అనే పురుగుల నుంచి తీసే రంగు. అసలైన ఇటలీ పార్మజాన్ చీజ్‌కి పాలు గడ్డకట్టడానికి దూడ పొట్టలోంచి తీసే రెనెట్ వాడతారు. మన పనీర్‌తో ఆ బాధ లేదు, నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో విరగ్గొట్టిందే.

పచ్చ చుక్కకీ ఒక మెలిక ఉంది. పాలతో పాటు తేనె, మైనం, లక్క కూడా మన రూల్స్ ప్రకారం శాకాహారమే. లాడ్ బజార్‌లో గాజులు చేస్తారే, ఆ లక్కనే శుద్ధి చేసి చాక్లెట్ గోళీల మీద మెరుపు కోసం పూస్తారు, నంబరు 904. లక్క పురుగు స్రవించేదే కదా! నాకు పట్టింపు లేదు, మీకుంటే చూసుకోండి. స్వీట్ల మీద వేసే వెండి రేకుల్ని పూర్వం పశువుల పేగుల పొరల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. 2016లో ఆ పద్ధతిని నిషేధించారు.

పిల్లలు జెల్లీ కావాలంటే చైనా గ్రాస్ తెచ్చుకోండి, సముద్రపు నాచుతో చేసేది. మా అత్తగారు పాలల్లో వేసి బ్రహ్మాండంగా చేస్తారు.

మందుల సంగతి మరిచాను. వాటి మీద ఈ చుక్క వేయరు, క్యాప్సూల్ తొడుగు చాలావరకు జెలటినే. ఆవిడ రోజూ వేసుకునే విటమిన్ క్యాప్సూల్‌ని డాక్టర్‌ని అడిగి మాత్రగా మార్పించాను. ఎందుకో మాత్రం ఆవిడకి ఇంతవరకు చెప్పలేదు.