కొత్తగా పాఠం చెప్పబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నరసాపురంలో డిగ్రీ అధ్యాపకుడిగా చేరుతున్నావని తెలిసి మీ అత్తయ్య, నేను ఎంతో సంతోషించాము. ముప్పై ఏళ్లు ఈ గోదావరి డెల్టాలోనే పాఠాలు చెప్పినవాడిగా ఒక మాట రాస్తున్నాను. మొదటి నెలలో పిల్లల మార్కులు చూసే ముందు, వాళ్లు ఏ ఇంటి నుంచి, ఏ దారిన తరగతికి వస్తున్నారో తెలుసుకో.

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి వచ్చే పిల్లవాడు వరద రోజుల్లో రాలేడు. రాత్రంతా రొయ్యల చెరువు కాపలా కాసినవాడు ఉదయం బల్ల మీద తల వాలుస్తాడు. తల్లి కువైట్‌లో ఉండగా అమ్మమ్మ దగ్గర పెరిగే అమ్మాయికి ఫీజు కాగితాలు చూసిపెట్టే పెద్దదిక్కు ఉండదు. ఇంట్లో డిగ్రీ చదివినవారే లేనప్పుడు సెమిస్టరు, క్రెడిట్లు అనే మాటలకు అర్థం అడగడానికి కూడా సిగ్గుపడతారు.

ఒకసారి నేను తరచూ తరగతికి రాని కుర్రవాణ్ణి అందరి ముందూ నిలబెట్టి మందలించాను. మర్నాటి నుంచి అతను రాలేదు. తండ్రి మంచాన పడితే కౌలు చేలో ఊడ్పులు అతనే చూసుకుంటున్నాడని పరీక్షల నాటికి గాని నాకు తెలియలేదు. ఆ బాధ నాకు ఈనాటికీ పోలేదు.

ఇంటి స్థితిగతులు చదువు మీద ఎంత బలంగా పనిచేస్తాయో అమెరికాలో 1966లో వెలువడిన కోల్‌మన్ నివేదిక బడుల విషయంలో చూపింది. అయితే కళాశాల చేయగలిగింది ఏమీ లేదని దాని అర్థం కాదు. కళాశాలలో తనకూ చోటు ఉందని, తనను గుర్తించేవారు ఉన్నారని తోచిన విద్యార్థి చదువు మధ్యలో మానే అవకాశం తక్కువని అమెరికా విద్యా పరిశోధకుడు విన్సెంట్ టింటో 1975లో వివరించాడు. నా అనుభవమూ అదే చెబుతుంది. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుంచి 1919 వరకు ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఆ రోజుల్లోనే ఆడపిల్లలను చేర్చుకుని వాళ్లకూ కళాశాలలో చోటు చూపారు.

2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లిష్ మీడియంలోకి మారింది కనుక, తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి విషయాన్ని ముందు తెలుగులో బోధపరచి, తరువాత ఇంగ్లిష్ మాటలు బోర్డు మీద రాయి. వారానికి ఐదు వాక్యాలు రాయించి, తప్పులు విడిగా పిలిచి దిద్దు. ఒకే ఊరివాళ్లంతా చివరి బెంచీల్లో ఒక జట్టుగా మిగిలిపోకుండా కలిపి కూర్చోబెట్టు.

ఒక్కొక్కరి ఊరు, ఎక్కే బస్సు, దాటే రేవు ఒక నోటుపుస్తకంలో రాసుకో. సంక్రాంతికి వచ్చేటప్పుడు దాన్ని వెంట తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య