కేకు తెల్లగా ఉందని మురిసిపోకు

చిరంజీవికి ఆశీస్సులు.

పీఎల్‌జీఏ (ఒంట్లో మెల్లగా కరిగి మందు వదిలే పాలిమర్) మైక్రోపార్టికిల్స్‌ని నువ్వే ఫ్రీజ్ డ్రై (గడ్డకట్టించి, వాక్యూమ్‌లో ఆరబెట్టడం) చేయబోతున్నావని తెలిసింది. గర్వంగానే ఉంది, దడగానూ ఉంది. నీకు తొందరెక్కువ కదా.

తెలిసినవి గబగబా చెప్పేస్తాను. ఫాస్ఫేట్ బఫర్ వద్దు: గడ్డకట్టేటప్పుడు డైసోడియం ఫాస్ఫేట్ ముందే స్ఫటికమై పీహెచ్ పడిపోతుంది. చివరి రెండుసార్లు ఉత్త నీళ్లతోనే కడుగు. కణాల మధ్య అడ్డు నిలిచే చక్కెర కావాలి, సుక్రోజో ట్రెహలోజో 5 శాతంతో మొదలుపెట్టు. మానిటాల్ ఒక్కటే వేస్తే కేకు (ఆరాక సీసాలో మిగిలే గుల్ల దిమ్మ) బాగా నిలబడుతుంది గానీ, అది స్ఫటికమై విడిపోతుంది, కణాలకు అడ్డు నిలవదు. వయల్‌లో (ఆ మందు సీసాలో) ద్రవం సెంటీమీటరు ఎత్తు మించకూడదు. కణాలు నీటికన్నా బరువు. కలిపి పక్కన పెట్టావంటే అడుగుకు చేరి ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. కలుపుతూనే పోసి, వెంటనే గడ్డకట్టించు.

ప్రైమరీ డ్రయింగ్‌లో, అంటే మంచు ఆవిరయ్యే దశలో, సుక్రోజ్ కుంగిపోకుండా నిలిచే హద్దు మైనస్ 32 దగ్గర. ప్రొడక్ట్ మైనస్ 35 దాటకూడదు. వయళ్ల కిందున్న షెల్ఫ్ కాదమ్మా, లోపలి ప్రొడక్ట్! థర్మోకపుల్ గుచ్చిన వయల్ తక్కినవాటికన్నా ముందే ఆరిపోతుంది, దాన్ని నమ్మి ముగించకు. నీటి ఆవిరి ఉన్నంతసేపూ పీడనాన్ని ఎక్కువగా చూపే పిరానీ గేజ్ రీడింగ్ దిగివచ్చి, అసలు పీడనం చూపే కెపాసిటెన్స్ మానోమీటర్‌తో కలిసేదాకా ఆగు.

ఇక అసలు భయం. మంచు పోయింది కదా అని షెల్ఫ్‌ని ఒక్కసారిగా 40కి ఎక్కించేయడం ఈ పనిలో పాత తప్పు. లెక్క సవ్యంగానే కనిపిస్తుంది: పొడి పీఎల్‌జీఏ గాజులా గట్టిగా ఉండే హద్దు 45 నుంచి 50 కదా, 40 అంటే ఇంకా ఎడం ఉందిగా అని. కానీ ఆ అంకె పొడి పాలిమర్‌ది. తడి పట్టిన పీఎల్‌జీఏకి ఆ హద్దు 30 దగ్గరికి జారుతుంది. లోపల కణాల తయారీలో వాడిన ద్రావణి, డైక్లోరోమీథేన్ ఆనవాలు మిగిలి ఉంటే ఇంకా కిందికి. అంటే నువ్వు ఆరబెడుతున్నాననుకునే గంటల్లో కణాలు మెత్తబడి, తగిలిన చోటల్లా అతుక్కుంటుంటాయి.

పైకి ఏమీ తెలియదు, అదే దుర్మార్గం. కేకు తెల్లగా, నిండుగా ఉంటుంది. నీళ్లు పోస్తే చక్కెర క్షణంలో కరుగుతుంది, అడుగున రవ్వ మిగులుతుంది. వయల్ వంచి చూస్తే గాజుకు అంటుకుని మెల్లగా జారే గింజలు. ఎస్‌ఈఎమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్)లో కణానికీ కణానికీ మధ్య సన్నని మెడలు. సూది మొన దాటనే దాటవు. సోనికేట్ చేసి (అల్ట్రాసౌండ్‌తో విడగొట్టి) కొలిచి ‘సైజు మారలేదు’ అని రాశావో, చూడు! ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ల చేతిలో సోనికేటర్ ఉండదు. చేత్తో ఊపి, కణాల సైజు కొలిచే లేజర్ డిఫ్రాక్షన్‌లో ముందూ వెనకా పోల్చు. మొదటి 24 గంటల రిలీజ్ కూడా పోల్చు. ఆరేటప్పుడు నీటితోపాటు మందు ఉపరితలానికి చేరితే బర్స్ట్ (మొదట్లోనే మందు ఒక్కసారిగా బయటపడటం) పెరుగుతుంది.

మంచు పోయాక షెల్ఫ్‌ని మైనస్ 25 నుంచి 20కి నిమిషానికి 0.1 డిగ్రీ చొప్పున ఎక్కించు. ఏడున్నర గంటలు పడుతుంది, పట్టనీ. అక్కడే నిలిపి, కార్ల్ ఫిషర్ పరీక్షలో తేమ 1 శాతం లోపు వచ్చాకే ఇంకో 5 డిగ్రీల మాట ఎత్తు. మెషీన్ కోసం ఎవరో కాచుకున్నారని మాత్రం వేడి పెంచకు.

పొడి నైట్రోజన్ వదిలి, లోపలే మూతలు బిగించు. రాత్రంతా దాని ముందు కూర్చోకమ్మా, రికార్డర్ ఉందిగా. తిని పడుకో. పొద్దున్నే గ్రాఫ్ పంపు, చూస్తాను.