ట్రెయిలరు కట్టిన డీజిల్ పికప్ మైలేజీ గురించి మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ఒక టన్ను డీజిల్ పికప్ కొన్నావనీ, 34 అడుగుల ఫిఫ్త్ వీల్ ట్రెయిలరు (పికప్ తొట్టిలో బిగించిన కొక్కేనికి తగిలించే పెద్ద ట్రెయిలరు) కట్టుకుని పిల్లలతో టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి కొలరాడో వెళ్ళబోతున్నావనీ చదివి సంతోషించాను. ఖాళీగా గాలనుకు 18 మైళ్ళు చూపించే బండి ట్రెయిలరు కట్టగానే 11కు పడిపోయిందనీ, నీ స్నేహితుడి బండి 14 ఇస్తోందనీ, నీ ఇంజనులో ఏదైనా లోపం ఉందేమోననీ అడిగావు. లోపం ఉందో లేదో చెప్పాలంటే ముందు ఆ 11నీ ఆ 14నూ ఎవరు, ఎక్కడ, ఏ బరువుతో, ఎలా కొలిచారో తెలియాలి. నీ ఉత్తరంలో ఆ వివరం లేదు కాబట్టి కొలిచే పద్ధతే ముందుగా రాస్తున్నాను.

మీ తాతయ్య విజయవాడలో రెండు లారీలు నడిపిన రోజుల్లో, డ్రైవరు వచ్చి ‘ఈ ట్రిప్పు మైలేజీ బాగా వచ్చిందండీ’ అంటే, ‘లోడెంత, ఏ రూటు, తిరుగు లోడు దొరికిందా’ అని మూడు ప్రశ్నలు అడిగిన తరువాతే పుస్తకం తెరిచేవారు. ట్యాంకు నిండా పోయించి బయలుదేరడం, తిరిగి నిండా పోయించి రీడింగు రాయడం ఆయన నియమం. ముప్పై ఏళ్ళుగా ఈ దేశంలో ట్రెయిలర్లు లాగుతూ నేను పాటిస్తున్నదీ అదే. మైళ్ళూ గాలన్లూ వచ్చాయి గానీ పద్ధతి మారలేదు.

నీ బండికి సంబంధించిన ఒక విషయం ముందే తెలుసుకో. కొత్త కారు కిటికీకి అంటించే మైలేజీ చీటీ నీ పికప్ మీద కనిపించి ఉండదు. లోడుతో సహా అనుమతించిన మొత్తం బరువు 8,500 పౌండ్లు దాటిన పికప్పులకు ఆ చీటీ అవసరం లేదని ఫెడరల్ నిబంధనలే మినహాయించాయి. కంపెనీలు ప్రకటించే టోయింగ్ సామర్థ్యానికి ఎస్ఏఈ అనే వాహన ఇంజనీర్ల సంఘం పెట్టిన జే2807 అనే ప్రమాణం ఉంది. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎక్కుడు రోడ్డును నమూనాగా తీసుకుని, ఏసీ పూర్తిగా వేసి, నిర్ణీత వేగం తగ్గకుండా బండి ఎక్కగలదా లేదా అని అది పరీక్షిస్తుంది. ఎంత లాగగలదో అది చెబుతుంది కానీ, లాగుతూ ఎంత తాగుతుందో చెప్పదు. అందుచేత నీ బండి మైలేజీ తేల్చవలసినవాడివి నువ్వే.

డ్యాష్ బోర్డు మీద కనిపించే అంకెను నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఆ అంకె డీజిల్‌ను కొలిచి చెప్పేది కాదు. ఇంజెక్టర్లకు కంప్యూటరు ఇచ్చిన ఆదేశాలను బట్టి లెక్కగట్టిన అంచనా. నా పాత పికప్‌లో అది ఏడాది పొడవునా 6 నుంచి 8 శాతం ఎక్కువే చూపించింది. అంతకన్నా ప్రమాదకరమైనది పక్కన ఉండే ‘ఇంకా ఇన్ని మైళ్ళు వెళ్ళవచ్చు’ అనే అంకె. మొదటి ఏడాది న్యూ మెక్సికోలో క్లేటన్ నుంచి రాటన్ వెళ్తూ నేను దాన్ని నమ్మాను. ఆ రెండు ఊళ్ళ మధ్య 80 మైళ్ళ పైచిలుకు దూరం, దారంతా పడమటి ఎదురుగాలి, పైగా నేల మెల్లగా ఎత్తుకు పోతూ ఉంటుంది. బయలుదేరేటప్పుడు 140 మైళ్ళకు సరిపడా ఉందని చూపించింది, ఎందుకంటే అంతకుముందు రెండు రోజులు ట్రెయిలరు లేకుండా తిరిగిన సగటును పట్టుకుని అది లెక్క వేసింది. రాటన్‌లో పంపు దగ్గర ఆగేసరికి ట్యాంకులో రెండు గాలన్లు కూడా మిగలలేదు. డీజిల్ బండి పూర్తిగా ఎండిపోతే పెట్రోలు బండిలా పోసుకుని వెళ్ళిపోవడం కుదరదు. లైన్లలోకి గాలి చేరుతుంది, డీజిలే కందెనగా పనిచేసే హై ప్రెషర్ పంపు దెబ్బతినవచ్చు, ఆ మరమ్మతు వేల డాలర్ల మీదికి వస్తుంది. మీ అత్తయ్య, చిన్నపిల్లలు బండిలో ఉన్నారు. ఆ సాయంత్రం నుంచే నోటుబుక్కు పెట్టాను.

ఇక నింపడం సంగతి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. డీజిల్ నురుగు కడుతుంది. ట్రక్ స్టాపులో పెద్ద లారీలకు పెట్టిన లావు నాజిల్ వేగంగా పోస్తుంది, నురుగు పైకి వచ్చి నాజిల్ టక్కుమని ఆగిపోతుంది, ట్యాంకు నిండిందనుకుని నువ్వు మూత పెట్టేస్తావు. అయిదు నిమిషాలు ఆగి చూస్తే మరో గాలనో, రెండు గాలన్లో పట్టేంత ఖాళీ ఉంటుంది. అందుకని కార్లకు పోసే సన్న నాజిల్ తీసుకుని, చివరి నాలుగైదు గాలన్లు ట్రిగ్గరును తక్కువలో పట్టి పోసుకో. మొదటిసారి ఆగినప్పుడు రెండు నిమిషాలు నిలబడు, నురుగు చప్పుడు అణిగాక మళ్ళీ నెమ్మదిగా రెండో టక్కు దాకా పోసి అక్కడితో ఆపు. అంచు దాకా నింపాలని పట్టుబట్టకు, ప్రతిసారీ ఒకే చోట ఆపడమే ముఖ్యం.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. ఫిఫ్త్ వీల్ బరువులో దాదాపు ఐదో వంతు, దాన్ని పికప్‌కు తగిలించే పిన్ ద్వారా నీ వెనక యాక్సిల్ మీద పడుతుంది. బండి వెనక్కి కుంగి ముక్కు పైకి లేస్తుంది, ట్యాంకు కూడా దానితో పాటు వాలుతుంది. బయలుదేరే ముందు ట్రెయిలరు లేకుండా నింపి, చేరాక ట్రెయిలరుతో నింపితే రెండు ‘ఫుల్’లూ ఒకటి కావు. కట్టిన తరువాత నింపుకుని బయలుదేరు, విప్పకముందే మళ్ళీ నింపు. వీలైతే వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే స్టేషన్, ఒకే పంపు, ఒకే వైపు నిలుపు. పంపు మీటరును అనుమానించవలసిన పని లేదు. అయిదు గాలన్లకు ఆరు ఘనపు అంగుళాల తేడా, అంటే అర శాతం, తనిఖీలో అనుమతిస్తారు. నీ చేతి పొరపాటు దానికన్నా చాలా పెద్దది. అర గాలను తేడా వచ్చిందనుకో. 10 గాలన్లకే లెక్క కట్టితే అది 5 శాతం తప్పు, 36 గాలన్లకు కట్టితే ఒకటిన్నర శాతం లోపే. కాబట్టి ముప్పావు ట్యాంకు ఖర్చు కాకుండా మైలేజీ తేల్చవద్దు.

మైళ్ళ వైపు కూడా ఒక కన్ను వేసి ఉంచు. అరిగిన టైరు చుట్టుకొలత తగ్గుతుంది కాబట్టి ఓడోమీటరు ఎక్కువ చూపిస్తుంది, పెద్ద సైజు టైర్లు వేయిస్తే తక్కువ చూపిస్తుంది. ఇంటర్‌స్టేట్ పక్కన ఉండే మైలు గుర్తులతో ఒకసారి 50 మైళ్ళు సరిచూసుకుని, వచ్చిన తేడాను నోటుబుక్కు మొదటి పేజీలో రాసిపెట్టుకుంటే చాలు.

సగటు కట్టడంలో మాత్రం జాగ్రత్త. నీ ఉత్తరంలో నాలుగు ట్యాంకుల మైలేజీలు కలిపి నాలుగుతో భాగించావు. అది తప్పు. 200 మైళ్ళు ఎదురుగాలిలో 8 చొప్పున వెళ్ళావనుకో, 25 గాలన్లు ఖర్చయ్యాయి. తిరుగుదారిలో అవే 200 మైళ్ళు 16 చొప్పున వచ్చావు, పన్నెండున్నర గాలన్లు ఖర్చయ్యాయి. ఎనిమిదినీ పదహారునూ కలిపి సగం చేస్తే 12 వస్తుంది. కానీ నువ్వు 400 మైళ్ళకు ముప్పైఏడున్నర గాలన్లు కొన్నావు, అసలు లెక్క 10.7. మైళ్ళన్నీ ఒక వైపు, గాలన్లన్నీ మరో వైపు కూడి చివర ఒక్కసారే భాగించు.

ఇప్పుడు తాతయ్య అడిగే ప్రశ్నలకు వద్దాం. ట్రెయిలరు కంపెనీ చెప్పిన బరువు కాదు, నీళ్ళు, బట్టలు, పిల్లల సైకిళ్ళు అన్నీ ఎక్కాక ఉన్న బరువు కావాలి. దారిలో ట్రక్ స్టాపులో కాటా ఎక్కించు. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రెయిలరు యాక్సిళ్ళు విడివిడిగా తూచి చీటీ ఇస్తారు. ఆ చీటీ మైలేజీ కోసమే కాక భద్రత కోసం కూడా పనికివస్తుంది, జాగ్రత్తగా దాచు.

బరువు కన్నా గాలి ఎంత ఎక్కువ తింటుందో ఒక లెక్కతో చూపిస్తాను. ఫ్రిస్కో నుంచి అమరిల్లోకు 287 రోడ్డు మీద సుమారు 350 మైళ్ళు. అమరిల్లో దాదాపు 2,800 అడుగులు ఎక్కువ ఎత్తున ఉంది. బండీ ట్రెయిలరూ కలిపి 22,000 పౌండ్లు అనుకుంటే, ఆ బరువును అంత ఎత్తుకు ఎక్కించడానికి కావలసిన శక్తి సుమారు 79,000 బీటీయూలు (బీటీయూ అంటే శక్తిని కొలిచే ఒక ప్రమాణం). గాలను డీజిల్‌లో ఉండే సుమారు 1,37,000 బీటీయూలలో ఇంజను చక్రాలకు అందించేది 52,000 దాకా అనుకో. అంటే ఎక్కడం ఖరీదు ఒకటిన్నర గాలన్లు. మొత్తం ప్రయాణానికి పట్టే 35 గాలన్లలో అదెంత? అదే రోజు 15 మైళ్ళ ఎదురుగాలి ఉంటే, 65 మైళ్ళ వేగంతో వెళ్తున్న నీ ట్రెయిలరు ముఖానికి తగిలేది 80 మైళ్ళ గాలి. నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఇంధనంలో సగమే గాలికి పోతోందనుకున్నా, ఎనిమిది తొమ్మిది గాలన్లు అదనంగా కాలతాయి. నీ స్నేహితుడి 14 వెనక అనుకూలపు గాలి ఉందేమో, లేక అతను లాగేది నీ ట్రెయిలరులా పదమూడు అడుగుల ఎత్తు గోడ కాక, మట్టానికి ఉండే ఫ్లాట్‌బెడ్ ఏమో అడిగి తెలుసుకో.

వేగం మాత్రం నీ చేతిలో ఉంది. 75 నుంచి 65కు తగ్గితే గాలి నిరోధం నాలుగో వంతు తగ్గుతుంది. ట్రెయిలరు టైరు మీద వేరే వేగం రాసి లేకపోతే 65 మైళ్ళే దాని పరిమితి అనుకో. రాటన్ కనుమ, కొలరాడో కొండలు వేరే కథ. అక్కడ దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజను పొగను అడ్డగించి బండి వేగం తగ్గించేది) పనిచేస్తుంటే డ్యాష్ మీద మైలేజీ ఆకాశాన్ని అంటుతుంది. అప్పుడు డీజిల్ దాదాపు పడని మాట నిజమే గానీ, ఎక్కేటప్పుడు పోసిన శక్తి వేడిగా గాలిలో కలిసిపోతోంది. కాబట్టి కొండ దారి మైలేజీని మైదానపు మైలేజీతో కలపకుండా వేరే పేజీలో రాయి.

రీజెన్ జరిగినప్పుడు కూడా గుర్తు పెట్టు. రీజెన్ అంటే, పొగ ఫిల్టరులో పేరుకున్న మసిని కాల్చడానికి బండి అదనంగా డీజిల్ పోసి పొగగొట్టాన్ని సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తుంది. ఆ అరగంట మైలేజీ పడిపోవడం లోపం కాదు. పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే డెఫ్ ద్రవం ఎన్ని గాలన్లు పోశావో కూడా రాయి, ఖర్చు లెక్కలో అదీ కలవాలి.

టైర్ల గాలి మార్చినా, వేగం మార్చినా, ఒకసారికి ఒక్కటే మార్చి చూడు. అదే దారిలో వెళ్ళి వచ్చి, మార్పు తీసేసి మళ్ళీ వెళ్ళి వచ్చి, రెండూ పోల్చు. మైలేజీ పెంచుతామని కంప్యూటరు ప్రోగ్రాము మార్చేవారి దగ్గరకు మాత్రం వెళ్ళవద్దు. ఉద్గారాల పరికరాలను తొలగించడం చట్ట విరుద్ధం, వారంటీ కూడా చిక్కుల్లో పడుతుంది.

నువ్వు రాసిన వివరాలను బట్టి అంత పొడవు, అంత ఎత్తు ట్రెయిలరుకు 11 అనేది నా అనుభవంలో మంచి అంకే. నేను సాధారణంగా 9కీ 12కీ మధ్యే చూశాను. అయినా నింపి కొలిచిన లెక్క చూడకుండా తేల్చి చెప్పను. కొలరాడో నుంచి తిరిగి వచ్చి, ట్రెయిలరు విప్పకముందే నింపిన తరువాత, నోటుబుక్కు పేజీలూ కాటా చీటీ ఫోటో తీసి పంపు. క్లేటన్‌లో మాత్రం డ్యాష్ ఏమి చూపించినా సరే, ట్యాంకు నింపుకునే బయలుదేరు.

అక్కయ్యకూ బావగారికీ నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

మీ మామయ్య