అక్కడి స్కూల్లో మా వాడి వయొలిన్ పనికొస్తుందా అక్కా?

మా పుట్టిల్లు గుంటూరు బ్రాడీపేట, అత్తగారిల్లు విజయవాడ పటమట. జూన్‌లో అమెరికా నుంచి సెలవులకి వచ్చామంటే చాలు, ఎవరో ఒకళ్ళు వీసాలనీ స్కూళ్ళనీ అడగడానికి మెట్లెక్కి వస్తానే ఉంటారు. ఈసారి కింద ఫ్లాట్ అమ్మాయి వచ్చింది. వాళ్ళాయనకి డాలస్‌లో జాబ్ వచ్చిందంట, జూలై ఆఖర్లో ప్రయాణం, పిల్లాడు ఏడో క్లాసుకి వెళ్ళాలి. "అక్కా, వీడు నాలుగేళ్ళ నుంచి వయొలిన్ నేర్చుకుంటున్నాడు, వర్ణాల దాకా వచ్చాడు, అక్కడికెళ్తే ఆపేయాల్సిందేనా, స్కూల్లోనే సంగీతం చెప్తారంటగా, మళ్ళీ దానివల్ల చదువు పాడవదా" అని ఒక్క ఊపిరిలో అడిగేసింది. నేను అక్కడ పదిహేడేళ్ళ నుంచి ఉంటున్నాను, మా వాడు ట్రాంబోన్ (ఊదే ఇత్తడి వాయిద్యం), మా అమ్మాయి డ్రామా, ఇద్దరివల్లా తిన్న చీవాట్లు చాలానే ఉన్నాయి కాబట్టి ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. నాకు తెలిసింది టెక్సస్ సంగతి. వేరే స్టేట్ అయితే రూల్స్ మారతాయి, మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ఏరియా స్కూళ్ళన్నీ చూసుకునే బోర్డు) వెబ్‌సైట్ చూసుకోండి.

ముందు మన బుర్రలోంచి తీసేయాల్సింది ఏందంటే, అక్కడ బ్యాండ్ (ఊదేవి, డ్రమ్ములు), ఆర్కెస్ట్రా (వయొలిన్ లాంటి తీగ వాయిద్యాలు), కోయిర్ (బృందగానం), థియేటర్ ఇవి సాయంత్రం ట్యూషన్ లాంటివి కావు. మ్యాథ్స్ సైన్స్ లాగా టైంటేబుల్లో రోజూ పీరియడ్ ఉంటది, మార్కులుంటాయి, రిపోర్ట్ కార్డులో పడతాయి. హైస్కూల్ పాసవ్వాలంటే టెక్సస్‌లో ఫైన్ ఆర్ట్స్ (ఇలాంటి కళల క్లాసులు) ఒక క్రెడిట్, అంటే ఒక ఏడాది కోర్సు, ఎట్లాగూ ఉండాలి. మార్చింగ్ బ్యాండ్‌లో (గ్రౌండ్ మీద నడుస్తూ వాయించేది) ఉంటే దాన్నే పీఈ (వ్యాయామం క్లాసు) కింద కూడా లెక్కేసుకోవచ్చు. సాయంత్రం కాన్సర్ట్ ఉందంటే అది పరీక్ష లాంటిదే, "మాకు ఆరోజు సత్యనారాయణ వ్రతం ఉంది" అని ఎగ్గొడితే మార్కు పోద్ది.

ఇక వయొలిన్ సంగతి. పనికొస్తుందా అంటే బ్రహ్మాండంగా పనికొస్తుంది, కానీ మొదటి రెండు నెలలు పిల్లాడికి ఏడుపొస్తుంది, అది ముందే చెప్పి తీసుకెళ్ళండి. మన దగ్గర మఠం వేసుకుని కూర్చుని, వయొలిన్ తలకాయ కుడి పాదం మీద ఆనించి వాయిస్తారు కదా, అక్కడ కుర్చీలో నిటారుగా కూర్చుని గడ్డం కింద పెట్టుకోవాలి. మన తీగలు స-ప-స-ప, వాళ్ళవి జి-డి-ఏ-ఈ, వేళ్ళు అలవాటు కొద్దీ ఎక్కడికో పోతాయి. పైగా గమకం. స్వరాన్ని ఊపకుండా వాయించలేరు మన పిల్లలు, అక్కడ టీచర్ స్లైడ్ చేయొద్దు అంటది. అన్నిటికంటే కష్టం కాగితం చూసి వాయించడం, ఎందుకంటే మన వాళ్ళు గురువుగారి నోటి వెంట విని పట్టుకుంటారు, అక్కడ స్టాండు మీద స్టాఫ్ నోటేషన్ (గీతల మీద రాసిన వాళ్ళ స్వరలిపి) పెట్టి పక్కన పాతికమంది పిల్లల్తో కలిపి వాయించమంటారు. కానీ చెవి మాత్రం మనోళ్ళదే చెవి, శ్రుతి తప్పితే వెంటనే పట్టేస్తారు, నోటేషన్ ఒక్కటి వచ్చిందంటే ఆ పిల్లాడు ముందు కుర్చీల్లోకి వచ్చేస్తాడు. నేనయితే కర్ణాటకం ఆపొద్దనే చెప్పా. బాలమురళిగారు రేడియో స్టేషన్లో పనిచేసిన ఊరు ఈ విజయవాడ, అన్నవరపు రామస్వామిగారి లాంటి వయొలిన్ విద్వాంసులున్న ఊరు, ఇక్కడ పడిన నాలుగేళ్ళ పునాది ఊరికే పోగొట్టుకోకూడదు. రెండు వయొలిన్లు పెట్టుకోండి, ఇంటిది ఇంటి శ్రుతిలో, స్కూలుది స్కూలు శ్రుతిలో. స్కూలుది అక్కడే అద్దెకి తీసుకోండి, నెలకింతని కడితే పిల్లాడు ఎదిగే కొద్దీ సైజు మార్చి ఇస్తారు, కొనేసి మా లాగా గరాజ్‌లో పెట్టుకోవద్దు. సెల్లో, ట్యూబా లాంటి పెద్దవయితే చాలావరకు స్కూలే ఇస్తది.

చేరడం దగ్గర కొత్తగా వచ్చినవాళ్ళు దెబ్బతింటారు. సబ్జెక్టులు ఎంచుకునేది అంతకుముందు జనవరి ఫిబ్రవరుల్లోనే అయిపోద్ది, మనం ఆగస్టులో అడ్రస్ ప్రూఫ్ పట్టుకుని వెళ్ళేసరికి కౌన్సిలర్ (స్కూల్లో పిల్లలకి క్లాసులు కేటాయించే ఆయన) మిగిలిపోయిన క్లాసులేవో చేతిలో పెడతాడు. ఆయనతో వాదించొద్దు. ఇల్లు ఖాయం అవగానే ఇక్కడి నుంచే ఆ స్కూల్ ఆర్కెస్ట్రా డైరెక్టర్‌కి మెయిల్ పెట్టండి, పిల్లాడు వాయించిన రెండు నిమిషాల వీడియో జత చేయండి. డైరెక్టర్‌కి పిల్లాడు కావాలనిపిస్తే కౌన్సిలర్ దగ్గర సీటు ఆయనే చూసుకుంటాడు. అసలేమీ రాని పిల్లలయితే ఆరో క్లాసులో బిగినర్స్‌తో చేరడం తేలిక. ఏడు, ఎనిమిదికి వచ్చేవాళ్ళకి కోయిర్, థియేటర్ మేలు, వాటికి ముందు అనుభవం పెద్దగా అడగరు.

మార్చింగ్ బ్యాండ్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, నా తప్పు ఉంది కాబట్టి. హైస్కూల్‌కి వెళ్ళాక బ్యాండ్ పిల్లలు స్కూళ్ళు తెరవకముందే ఎండలో గ్రౌండ్ మీద క్యాంపు మొదలెడతారు. మన రోహిణికార్తె గుర్తొస్తది ఆ ఎండ చూస్తే. ఐదు గజాలకి సరిగ్గా ఎనిమిది అడుగులు, ప్రతి పిల్లకీ గ్రౌండ్ మీద తనదంటూ ఒక చుక్క, ఏ బీట్‌కి ఏ చుక్క మీద ఉండాలో కాగితం మెడలో వేలాడేసుకుని నేర్చుకుంటారు. మా వాడు తొమ్మిదిలో ఉన్నప్పుడు అక్టోబర్‌లో మా పెదనాన్న కూతురి పెళ్ళి గుంటూర్లో, పది రోజులేగా అని వాణ్ణి తీసుకొచ్చేశా. డైరెక్టర్‌కి మెయిల్ పెట్టాం, ఆయన ఏమీ అనలేదు. తిరిగి వెళ్ళాక వీడియో చూపించాడు, పైనుంచి తీసింది. ట్రాంబోన్లన్నీ వంపు తిరిగి వస్తుంటే మధ్యలో పన్ను ఊడినట్టు ఖాళీ. "ఆ కాంపిటీషన్‌కి వీడి చుక్కలో ఎవర్నీ పెట్టలేకపోయాం" అన్నాడంతే. మా వాడు కారెక్కినా మాట్లాడలేదు, ఆ తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు. పెళ్ళిలో వాణ్ణి పలకరించినోళ్ళు ఎంతమందో నాకే గుర్తులేదు. కాబట్టి ఆగస్టు నుంచి నవంబర్ దాకా ఇండియా టికెట్లు పెట్టుకోవద్దు, సీజన్ క్యాలెండర్ ముందే ఇస్తారు, ఫ్రిజ్ మీద అతికించండి.

చదువు పాడవుతుందా అంటే, దానికి గవర్నమెంటే కళ్ళెం వేసింది. మామూలు సబ్జెక్టుల్లో ఏ ఒక్కదాంట్లో అయినా 70 రాకపోతే కనీసం మూడు వారాలు పోటీల్లో వాయించనివ్వరు, స్కూలు టైం కాకుండా ప్రాక్టీసు వారానికి 8 గంటలు దాటకూడదని కూడా రూలుంది (బ్యాండ్ వాయించే స్కూల్ ఫుట్‌బాల్ మ్యాచులు, ప్రయాణాలు ఆ లెక్కలోకి రావు, శుక్రవారం అర్ధరాత్రి పార్కింగ్‌లో కార్లో కూర్చుని కునికిపాట్లు పడేది మనమే). అసలు చిక్కు వేరే ఉంది, మన తెలుగు గ్రూపుల్లో గొడవంతా దానిమీదే. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) క్లాసులకి జీపీఏలో (మార్కుల సగటు) ఎక్కువ వెయిట్ ఇస్తారు, బ్యాండ్‌కి మామూలు వెయిట్, కాబట్టి బ్యాండ్ తీసుకుంటే ర్యాంకు తగ్గుద్దని పదకొండులో పిల్లల్ని లాగేస్తారు. యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ) లాంటి చోట ఆటోమేటిక్ అడ్మిషన్‌కి ర్యాంకే చూస్తారు, కాబట్టి ఆ భయం ఉత్తిది అననుగానీ, కొన్ని డిస్ట్రిక్టులు ఫైన్ ఆర్ట్స్‌ని జీపీఏ లెక్కలోంచి తీసేయించుకోనిస్తాయి, అడిగి చూడకుండా లాగేయడం మాత్రం పిల్లాడి మీద కోపం తీర్చుకున్నట్టే.

థియేటర్ అంటే మనవాళ్ళకి ఇంకో భయం, యాస. మా అమ్మాయి స్టేజి ఎక్కనని మొండికేసింది, సరే అని టెక్ క్రూలో చేరింది. లైట్లు, సౌండు, సెట్టు, కాస్ట్యూమ్స్, ఇవన్నీ పిల్లలే చేస్తారు. రెండో ఏడాదికి స్టేజ్ మేనేజర్ అయింది, నల్ల బట్టలు, చెవికి హెడ్‌సెట్, చీకట్లో స్క్రిప్టు మీద చిన్న లైటు పెట్టుకుని "లైట్ పద్నాలుగు స్టాండ్‌బై... గో" అంటే స్టేజంతా నీలంగా మారిపోతుంటే వెనక నిలబడి చూసిన నాకు ఒళ్ళు జలదరించింది, ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా తీయని పిల్ల. టెక్సస్‌లో ఏకాంకిక పోటీలు 1927 నుంచి ఉన్నాయి, 40 నిమిషాలు దాటితే నాటకం మొత్తం పోటీలోంచి పోయినట్టే, సెట్టు వేయడానికి ఏడు నిమిషాలు, తీయడానికి ఏడు. మన పరిషత్తు నాటికలు చూసిన మా మామగారికి ఇది చెప్తే "మరి మైకు పెట్టరా" అని అడిగారు. పెట్టరని నేనంటే నమ్మలేదు, మనవరాలు చెప్తే నమ్మారు.

సినిమా పిచ్చి ఉన్న పిల్లలకి ఆడియో వీడియో ప్రొడక్షన్ క్లాసుంటది, పొద్దున్నే స్కూలంతా చూసే అనౌన్స్‌మెంట్లు వాళ్ళే తీస్తారు. ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్ చాలు, లాప్‌టాప్ కొనిపెడితే సరి. ఇక్కడ రెండు ముచ్చట్లు గట్టిగా చెప్తున్నా. పోటీకి పంపే షార్ట్ ఫిల్మ్‌లో తెలుగు సినిమా పాట బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టారంటే కాపీరైట్ అని పక్కన పడేస్తారు, ఫ్రెండు చేత కీబోర్డ్ వాయించుకోండి. రెండోది బొమ్మ తుపాకీ. మనకి ఫైటు లేకుండా సినిమా ఉండదు కదా, స్కూల్లోగానీ వీధిలోగానీ బొమ్మ తుపాకీతో షూటింగ్ అంటే ఎవరో చూసి పోలీసుల్ని పిలుస్తారు, వచ్చినోళ్ళకి అది బొమ్మో నిజమో దూరం నుంచి తెలీదు. కథలో తుపాకీ లేకుండా రాయమనండి, తర్వాత ఏడ్చే పని ఉండదు.

హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు ఇవన్నీ నిక్షేపంగా చేయొచ్చు, డబ్బులు తీసుకుని ఎక్కడా వాయించకూడదు అంతే. బ్యాండ్ వేరే దేశం ట్రిప్ అంటే మాత్రం డిపాజిట్ కట్టేముందు పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు డేటు చూసుకోండి, లేకపోతే పిల్లాడు వెళ్తాడుగానీ తిరిగి రావడం కష్టమవుద్ది.

ఇంతా విని ఆ అమ్మాయి "మరి ఇక్కణ్ణించి ఏం సర్దుకోవాలక్కా" అంది. నల్ల ప్యాంటు, నల్ల బూట్లు, నల్ల సాక్సులు రెండు జతలు అన్నా. నవ్వింది. కాన్సర్ట్ రోజు సాయంత్రం ఆరింటికి పిల్లాడు తెల్ల సాక్సులతో నిలబడితే తెలుస్తది, మా ఆయన ఆఫీసు నుంచి వచ్చీ రాగానే కాళ్ళకున్నవి విప్పి ఇచ్చాడు.